ఎర్ర చుక్క గడి

"తండ్రి పేరు చెప్పమ్మా," అన్నాడు ఆర్టీవో ఆఫీసు కౌంటర్లోని గుమాస్తా, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా.

"లేడు సార్," అంది సిల్వీ.

"పోయినా పరవాలేదు. పేరుంటే చాలు."

"పోలేదు సార్, అసలే లేడు. మా అమ్మ ఒక్కతే నన్ను పెంచింది. ఆయన ఎవురో ఆమె చెప్పలా, నేను అడగలా."

గుమాస్తా అప్పుడు తలెత్తి చూశాడు. సిల్వీది బెల్జియం. రెండేళ్లుగా కార్వేటినగరం పక్క పల్లెలో వినికిడి లేని పిల్లల బడిలో పాఠాలు చెబుతోంది. మనిషి తెల్లగా ఉన్నా తెలుగు మాత్రం అచ్చంగా ఆ పల్లెదే.

"పాస్‌పోర్టులో ఏముండాది?"

"మా పాస్‌పోర్టులో నాయన పేరుకు జాగా లేదు సార్."

ఆయన స్క్రీను ఆమె వైపు తిప్పాడు. తండ్రి పేరు గడి పక్కన ఎర్ర చుక్క మెరుస్తోంది. ఎర్ర చుక్క గడి నిండకపోతే అప్లికేషను ముందుకు కదలదు. అమ్మ పేరుకు వేరే గడి ఉంది, అది ఎప్పుడో నిండింది. గుమాస్తా గీత కొట్టి చూశాడు, చుక్కలు పెట్టి చూశాడు. కంప్యూటర్ ససేమిరా అంది.

బండి నేర్చుకోవడానికి సిల్వీకిచ్చిన ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆ రోజుతో సరి. ఐదింటికి కౌంటర్ మూసేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. పోలీస్ స్టేషన్లో నివాస పత్రం, డాక్టరు సంతకం, ఇంటి ఓనరు ఒప్పంద పత్రం, వాటన్నిటికీ నెలల తరబడి తిరుగుడు. బడికి బస్సులా, రోజుకు రెండే. లైసెన్సు రాకపోతే స్కూటీని తులసికోట పక్కన నిలబెట్టుకుని చూసుకోవడమే. గోడ గడియారంలో పది నిమిషాలు తక్కువ ఐదయింది.

"ఏదో ఒక పేరు కొట్టండి సార్," అన్నాడు వెనక నిలబడ్డ ట్రాక్టర్ డ్రైవరు సుకుమార్. "కంప్యూటర్ పేరు అడుగుతాది గానీ, మనిషిని పిల్చుకోని రమ్మనదు గదా!"

"లేని మనిషి పేరు నేను రాయను అన్నా," అంది సిల్వీ. "ఇంకొకరిదైతే వాళ్లు ఒప్పుకోవల్ల. ఊరికే ఒకర్ని పట్టుకోని నాయన్ని చేసేస్తే ఎట్లా?"

"అట్లయితే నీ పేరియ్యప్పా, సుకుమార్," అన్నాడు గుమాస్తా.

"నాకు ఇంగా పెండ్లే కాలేదు సార్! ఇప్పుడే ఇంత కూతురుండాదంటే సంబంధాలు వస్తాయా?"

లైన్లో మిగతా మగవాళ్లు ఒక్కసారిగా సెల్‌ఫోన్లలోకి తలలు దూర్చేశారు. ఆఫీసుకొచ్చి కూతుర్ని తెచ్చుకున్నామంటే ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికి వాళ్లకు బాగా తెలుసు.

ఆవరణలో మజ్జిగ అమ్మే దేవకమ్మ, ఖాళీ గ్లాసుల కోసం వచ్చి ఇదంతా వింటూ నిలబడింది.

"మా ఆయన పేరు పెట్టు సార్," అంది. "పోయి మూడేండ్లాయె. మాకు బిడ్డల్లేరు. పైనుంచి సూసి సంతోషపడతాడు."

సిల్వీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లైన్లో నిలబడ్డవాళ్లకు కూడా ప్రాణం లేచొచ్చింది.

"సరే, పేరు చెప్పు దేవకమ్మా," అన్నాడు గుమాస్తా.

దేవకమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొగుని పేరు నోటితో ఎట్లా చెప్పేది సార్!"

"ఆయనే లేడు గదా, ఇంగేమి?"

"లేడని నోరు జారతానా? ఉన్నన్నాళ్లూ అన్లేదు, ఇప్పుడంటానా?"

"రాసియ్యి."

"నాకు రాయను రాదు. గుర్తు చెబుతా. ఏడుకొండల మీద ఉండాడే, ఆయన పేరే."

ఈ పక్క ఆ గుర్తు చెబితే సగం జిల్లా మగవాళ్లు లేచి నిలబడతారు. అయినా గుమాస్తా మొదలుపెట్టాడు.

"వెంకటేశ్వర్లా?"

"కాదు."

"శ్రీనివాసులా? గోవిందయ్యా?"

"కాదు సార్."

"బాలాజీ!" అని ఒకరు, "తిరుమలయ్య!" అని ఇంకొకరు లైన్లోంచి అరిచారు. శేషాద్రి దాకా వచ్చాడు సుకుమార్. దేవకమ్మ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"కొండయితే ఎక్కినారు గానీ గుడిలోకి ఇంగా పోలేదు," అంది.

గడియారంలో రెండు నిమిషాలు తక్కువ ఐదు. అటెండరు అప్పుడే కిటికీ తలుపులు వేయడానికి వచ్చేశాడు. సిల్వీ కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుంది. గుమాస్తా ఆమె వంక ఒకసారి చూశాడు, దేవకమ్మ వంక చూశాడు, కళ్లజోడు సర్దుకుని టకటకా ఏదో కొట్టాడు. ఎర్ర చుక్క మాయమైంది. ప్రింటర్ గుర్రుమని రసీదు కక్కింది.

"దొరికింది," అన్నాడు రసీదు అందిస్తూ. "మనిషి ఒప్పుకున్నాడు కూడా. పోమ్మా, టెస్టుకు హెల్మెట్ పెట్టుకోని రా."

లైనంతా చప్పట్లు కొట్టింది. సిల్వీ లైన్లోంచి బయటికొచ్చి దేవకమ్మను గట్టిగా వాటేసుకుంది. ఆ కుదుపుకు గ్లాసులు గలగలమన్నాయి. దేవకమ్మ మొహం చాటంత అయింది.

"సారు ఎట్లా కనుక్కున్నాడో సూడు! రొంత ఆ పేరు సదువమ్మా. నా నోటితో అనను గానీ, చెవులతో విని శానా దినాలాయె."

సిల్వీ రసీదు మడత విప్పి, వేలు పెట్టి చదివింది. "ధనంజయ."

దేవకమ్మ నోరు తెరిచింది.

"అది మా ఆయన పేరు కాదమ్మా! కౌంటర్లో కూసోనుండాడే, ఆ సారుది!"