సగం పాటలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క పోర్షన్ యాదగిరి, పునాదులు తవ్వే గడ్డపారతోనే వచ్చి నా గ్రామఫోన్ రికార్డులు పగలగొట్టాడు. అడ్డం వెళితే నా కుడిచెయ్యి విరగ్గొట్టాడు.

కచేరీలు, గజళ్లు, జాజ్, హరికథలు, అన్నీ పేరుమోసినవే. రోజుకొకటి వినేవాణ్ణి. నచ్చని చోట ముల్లు ఎత్తేసి, అట్ట మీద ‘వ్యర్థం’ అని రాసేవాణ్ణి. ఆ కొత్త కాలనీలో చెవులున్నది నాకొక్కడికే అనుకునేవాణ్ణి.

“సంగీతం తెలియని మొద్దువిరా నువ్వు!” అని అరిచాను.

“అవ్ సారూ, మొద్దునే. పాటలు మా అవ్వకే ఎరుక. మంచంల వడ్డ సంది గోడకు చెవి వెట్టి నీ పాటలే ఇన్నది. ఒక్కటన్న ఖతం కానిచ్చినవా? ‘తర్వాత ఏమొస్తది బిడ్డా?’ అని రోజు నన్నడుగుడే. నాకేమెరుక? పొద్దుగాల నువ్వు సన్నాయి ఆపినవ్. గదే అడుక్కుంట పానమిడిచింది.”

గడ్డపార అక్కడే పడేసి వెళ్లిపోయాడు.

పగలకుండా మిగిలింది ఆ సన్నాయి రికార్డు ఒక్కటే. ఎడమచేత్తో పెట్టి, శబ్దం పూర్తిగా పెంచాను.

అది వ్యర్థమనే ఇప్పటికీ నా తీర్పు. అవతల శవం లేచేదాకా రెండు వైపులా మోగించాను.