మూడో పైపు

"ఈ డొక్కును గేటు లోపలికి రానియ్య. మర్లేసుకొని పో తమ్మీ."

రఘుపతి పికప్‌కు అడ్డంగా నిలబడ్డాడు. ఉన్ అనే ఊళ్లోని మగ్గాల కార్ఖానా నుంచి రోజూ కిమ్ ఊరికి తాకాలు, అంటే నేసిన బట్ట చుట్టలు, పోతాయి. ఏ బండికి లోడు ఎత్తాలో చెప్పేది అతడే. సూపర్‌వైజర్ కాకముందు ఇరవై ఏండ్లు స్టీరింగు పట్టిన మనిషి.

వరప్రసాద్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "డొక్కు కాదు సార్. పాసింగ్ గూడ అయ్యింది. కాయితాలు సూడున్రి. మా మామ ఎనిమిది నెలలు దీనికే అతుక్కొని తయారుచేసిండు."

మామ అప్పటికే పక్క సీటు దిగి నిలబడి ఉన్నాడు. పేరు బ్రహ్మచారి. అరవై దాటిన మనిషి. బతుకంతా మగ్గాలు బాగుచేసిన చేతులు. గీతల్లో నూనె నలుపు ఇంకిపోయి ఉంది.

"యాడ దొరికింది ఇది?" అన్నాడు రఘుపతి.

"నవాగామ్‌ల, పాత ఇనుప సామాన్ల భంగార్ దుకాణంల. సీటు కింద కోడి గుడ్లు పెట్టింది సార్. ఇంజన్ ఒక మూలకు, గేర్‌బాక్స్ ఒక మూలకు ఉండె. ఇయ్యాల మీరు కాదంటే మల్ల ఆడికే పోతది. మా గల్లీల నిలపద్దన్నరు, రేపటిదాకనే గడువు. మామ మిల్లు పని గూడ ఇడిసిపెట్టిండు దీని ఎంబడి వడి."

రఘుపతి బండి చుట్టూ తిరిగాడు. ఆకుపచ్చ రంగు కుంచెతో వేసిందే, అయినా ఎక్కడా చుక్క కారలేదు. వెనక చెక్కల మీద అరచెయ్యి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి తోశాడు. ఒక్క పేడు గుచ్చుకోలేదు. మేకుల తలలన్నీ చెక్క లోపలికి దిగి ఉన్నాయి. బట్ట గీరుకుంటే ఎంత నష్టమో తెలిసినవాడు చేసిన పని అది.

మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోలేదు.

"రంగు ఎవడన్న ఏస్తడు. నేను బండిని కండ్లతోని సూడ తమ్మీ, చెవులతోని సూస్త. ఇంజన్ సాలు చెయ్."

ఇంజను అందుకుంది. రఘుపతి బానెట్ ఎత్తి, తల వంచి, కళ్లు మూసుకున్నాడు. అలాగే వంగి ఉండి అడిగాడు.

"ఏం పెద్దమనిషీ, ఇంజన్ అంత నువ్వే ఇప్పినవా, ఎవలన్న మిస్త్రీని పెట్టినవా?"

జవాబు లేదు.

"నిన్నే అడుగుతున్న."

ముసలాయన పక్కనే నిలబడి, ఇంజను వైపే చూస్తున్నాడు.

"మామతోని ఎదురుంగ నిలబడి మాట్లాడున్రి సార్," అన్నాడు వరప్రసాద్ లోపలి నుంచి.

రఘుపతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎందుకు? మీ మామ ఏమన్న దొరనా? వంగి దండం గూడ పెట్టమంటవా?"

వరప్రసాద్ నాలుక కరుచుకొని తల తిప్పుకున్నాడు.

ఇంత పొగరు ఉన్నోని బండి మనకెందుకు, పంపించేస్తే పోతది అనుకున్నాడు రఘుపతి. కానీ ఎంత విన్నా చెవికి తప్పు దొరకలేదు. ఉన్నమాట అనకపోతే ఇరవై ఏండ్ల స్టీరింగుకు అర్థం లేదు. లేచి నిలబడి, ముసలాయన ముఖంలోకి చూసి, ఇష్టం లేకుండానే అన్నాడు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది."

బ్రహ్మచారి తల అడ్డంగా ఊపాడు. "లేదు సారూ. మంచిగ లేదు."

రఘుపతి నోరు తెరిచాడు. "అంగట్ల నిలబెట్టిన బర్రెను, తంతదని చెప్పుకునేటోన్ని నిన్నే సూసిన."

ముసలాయన మడ్‌గార్డ్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తరువాత వంగాడు. పంపు నుంచి ఇంజనుకు నాలుగు సన్నటి డీజిల్ పైపులున్నాయి. పడుగు పోగు బిగువు చూసినట్టు, రెండు వేళ్లతో ఒక్కోటి పట్టుకుని వదిలాడు. మొదటిది. రెండోది. మూడో పైపు దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

జేబులోంచి పానా తీశాడు. గుడ్డ అడ్డం పెట్టి మూడో పైపు నట్టు జర వదులు చేశాడు. డీజిల్ నురగలు నురగలుగా వచ్చింది. బుడగలు ఆగి తేటగా వచ్చేదాకా చూసి, మళ్లీ బిగించాడు.

"గాలి జొర్రింది," అన్నాడు. అంతే.

రఘుపతి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అప్పుడు తెలిసింది. ఇంజను ఇందాకటి నడకలో ఒక చిన్న కుంటు ఉండింది. అది పోయాక గానీ, ఉన్నట్టే తెలియలేదు. ఇరవై ఏండ్లు నమ్ముకున్న చెవి అది.

బానెట్ దించి, ఈసారి ఎవరూ చెప్పకుండానే ముసలాయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమనిషీ, నాకంటే చెవిగలోన్ని ఇంతవరకు సూడలె. రేపు పొద్దుగాల ఆరింటికి బండి పట్టుకరా. రోజు కిమ్ ట్రిప్పు నీదే."

వరప్రసాద్ స్టీరింగు మీద నుదురు ఆనించాడు. బ్రహ్మచారి రెండు చేతులూ జోడించాడు. కానీ కదలలేదు. బండి దిక్కు ఒకసారి, రఘుపతి పెదవుల దిక్కు ఒకసారి చూశాడు.

"ఇంకేంది? చెప్పు," అన్నాడు రఘుపతి.

"మగ్గాల కాడ నా చెవులు వోయి తొమ్మిదేండ్లాయె సారూ. మా అల్లున్ని అడిగితే మంచిగుందనే అంటడు గని, తీరుగ చెప్పొస్తలేదు వానికి. మీరు ఎరుకగలోల్లు, జర చెప్పున్రి... దీని సప్పుడు ఎట్లున్నది?"