గిరిప్రసాద్ పది పాటలు

కట్టు కట్టే గదిలో ఇద్దరు మనుషులు చెయ్యి పట్టుకోబోతే, గిరిప్రసాద్ "ముట్టుకుంటే మర్యాదగా ఉండదు" అని అరిచి రెండోసారి బయటికి పరిగెత్తుకొచ్చాడు.

పుత్తూరులో ఎముకలు సరిచేసే ఆ ఇంటి వరండా నిండా జనం. కాళ్లు విరిగినవాళ్లు, భుజాలు జారినవాళ్లు. ఎవరూ ఇంత గోల చెయ్యలేదు. ఇందాక ఒక చంటిపిల్ల కూడా నోరు మూసుకుని కట్టు కట్టించుకుని పోయింది.

గిరిప్రసాద్‌ది తిరుపతి. ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆఫీసులో, కాపురం కరోకే క్లబ్బులో. తొంభైల సినిమా పాటల్లో తనకు నచ్చిన పదింటికి ర్యాంకులు వేసి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి జనాన్ని పీక్కు తినడం ఆయన చేసే దేశసేవ. నిన్న క్లబ్బు వార్షికోత్సవంలో ఒకటో నంబరు పాట పాడుతూ, భగ్నప్రేమికుడిలా మోకాళ్ల మీద కూలబోయి, స్టేజీ అంచు చూసుకోక కిందపడ్డాడు. కుడి మోచెయ్యి కీలు తప్పింది. అదీ నటనే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"ఇంకా ఆలస్యమైతే సెయ్యి వంకరగానే నిలిచిపోతాదంట. లోపలికి రాండి" అంది భార్య పంకజాక్షి.

"చావనైనా చస్తాను గానీ లాగనివ్వను."

"మల్ల మైకు ఏ సేత్తో పట్టుకుంటారు?"

ఆ మాటకు మాత్రం ఆయన ముఖం పాలిపోయింది. అయినా కదల్లేదు. వరండాలో బల్ల మీద కూలబడి, ఎడమచేత్తో క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేశాడు. "స్టేజీ మీంచి పడ్డాను కదా అని ర్యాంకులు మార్చేరు, జాగ్రత్త. ఒకటో పాట ఒకటోదే. దాని జోలికొస్తే ఊరుకునేది లేదు" అని బెదిరించి పెట్టేశాడు. చెయ్యి పోతున్నా పెత్తనం పోలేదు.

పక్కన ఒక ముసలాయన, మాసిన తువ్వాలు భుజాన వేసుకుని మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఏం ర్యాంకులప్పా? బిడ్డలు సదువుతా ఉండారా?"

"పాటలకి పెద్దాయనా. తొంభైల పాటలకి."

"తొంభైల్లో పాటలు యాడుండాయప్పా?"

గిరిప్రసాద్ ఒళ్లు భగ్గుమంది. ఎడమచేతి చిటికెనవేలు మడిచి మొదలుపెట్టాడు. "పదో స్థానం. హీరోయిన్ వానలో తడిసే పాట."

"తడిస్తే జలుబు జేస్తాది. దానికి పాటెందుకు?"

"తొమ్మిది. మంచుకొండల్లో డ్యూయెట్."

"ఆయమ్మి సలికి పండ్లు గొరుకుతాంటే, వాడు స్వెట్టరేసుకోని ఎగరతాంటాడు. సిగ్గుండల్ల."

ఎనిమిదోది ఉత్త డప్పుల మోత అన్నాడు ముసలాయన. ఏడోది ముక్కుతో మూలిగినారన్నాడు. ఆరోది అరవం నుంచి ఎత్తుకొచ్చిన సరుకన్నాడు. ఒక్కో మాటకు గిరిప్రసాద్ చెవులు ఎర్రబడుతున్నాయి. ఎడమచేతి వేళ్లన్నీ మడిచేశాడు.

"అంతేనా? ఒక సేతికే అయిపోయినాయా నీ పాటలు?"

"ఇంకా అయిదున్నాయి. అసలైనవి అవే."

"మడిసేదానికి ఏళ్లు యాడుండాయి మల్ల? ఇట్ల తే" అని ముసలాయన, గిరిప్రసాద్ ఒళ్లో పడుకోబెట్టుకున్న కుడిచేతి చిటికెనవేలు పట్టుకున్నాడు. "సెప్పు, అయిదోది."

ఇంకెప్పుడైనా అయితే గిరిప్రసాద్ లబలబలాడేవాడే. ఇప్పుడాయనకు చెయ్యి కన్నా పాటల పరువు ముఖ్యం.

"చెల్లెలి పెళ్లి పాట. హాలంతా ఏడ్చింది."

"టిక్కెట్టు దుడ్లు పోయినాయని ఏడ్సింటారు."

నాలుగోదీ, మూడోదీ చెప్పేలోపే తీసిపారేశాడు. రెండోది కాలేజీ పాట.

"నలపై యేండ్లోడు పుస్తకం సంకలో పెట్టుకోని ఆడబిడ్డల ఎంటబడతాడే, అదేనా? వాన్ని పోలీసోళ్లకి పట్టియ్యల్ల, నువ్వేమో ర్యాంకిచ్చినావు."

గిరిప్రసాద్ ముందుకు వంగాడు. "ఒకటో పాట" అన్నాడు. "ప్రేమించిన అమ్మాయి పెళ్లికి హీరో తనే వచ్చి పాడతాడు. దాన్ని మాత్రం ఏమీ అనొద్దు. అది విని నేను ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు."

ముసలాయన బొటనవేలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఓ, ఆ పాటా. అది వొచ్చేసరికి మా ఊరి టెంటు సినిమాలో జనమంతా బీడీలు తాగేదానికి లేసి పోతాండ్రి. మిషనాడించేవోడు గూడా నిద్రపోయినాడు. దాన్ని రాసినోడు ఒక యెర్రోడు, పాడినోడు ఇంకో యెర్రోడు. దానికోసరం స్టేజీ మీది నుంచి పడినోడుండాడే, వాడికన్నా పెద్ద యెర్రోడు ఈ జిల్లాలోనే ల్యా."

గిరిప్రసాద్ సర్రున పైకి లేచాడు. ముసలాయన చెయ్యి వదల్లేదు. ఎక్కడో టక్కుమంది. గిరిప్రసాద్ పెట్టిన కేకకు రోడ్డు మీద పోతున్న ఆటో ఆగిపోయింది.

"నీకేం తెలుసయ్యా పాటల గురించి? అసలు చెవులున్నాయా నీకు?" అంటూ కుడిచేతి చూపుడువేలు ముసలాయన ముక్కు దగ్గర ఆడించి ఊగిపోయాడు. పంకజాక్షి నోరు తెరుచుకుని ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

ముసలాయన తువ్వాలు దులుపుకుని లేచి గది వైపు తిరిగి కేకేశాడు. "అమ్మాయ్, ఈయన కీలు కూసునింది, కట్టుగుడ్డ ఎత్తుకోని రా, అట్లే ఆ భుజం జారినాయనకి దేని మీద పిచ్చో కనుక్కోని సెప్పు."