బంగార్రాజుగారి మైళ్ళు

“టికెట్టుకి డబ్బు కట్టింది నేను. మా ఆవిడ మైళ్ళు నా ఖాతాలో ఎందుకు పడవయ్యా?” అంటూ బల్ల గుద్దాడు బంగార్రాజు.

ట్రావెల్స్ ఆఫీసు గణేష్‌బాబు కంప్యూటరు మీంచి తల తిప్పి నవ్వాడు. తణుకులో విమానం టికెట్లు కొనేవాళ్ళే తక్కువ. అందులో ఏడాదికి రెండుసార్లు యూరప్ వెళ్ళొచ్చే రొయ్యల వ్యాపారి అంటే దేవుడితో సమానం. అందుకని బంగార్రాజు ఎంత గట్టిగా అరిస్తే గణేష్‌బాబు గొంతు అంత తియ్యనవుతుంది.

“డబ్బు ఎవరు కట్టారన్నది వాళ్ళకి అనవసరం అండి. సీట్లో ఎవరు కూర్చుంటే, తిరిగిన దూరానికి పడే మైళ్ళు వాళ్ళవి. విమానంలో ఫారం ఇస్తారు. అమ్మగారు అది నింపితే ఆవిడ పేరు మీద నంబరొస్తుంది. ఆవిడవి ఆవిడకే పడతాయి.”

“ఆవిడకెందుకయ్యా మైళ్ళు!” బంగార్రాజుకి ఈ ముక్క గొంతు దిగలేదు.

గోడవార బెంచీ మీద కూర్చున్న లోవలక్ష్మి ముందుకి జరిగింది. “అంటే బాబుగారూ, డబ్బు కట్టినాయన వచ్చి అవి నావీ అనడానికి లేదా అండి?”

“లేదమ్మా. రాజుగారి పని అవనీ, ఉండు.”

ఆమె రావడం ఈ వారంలో ఇది మూడోసారి. చెల్లెలు వెంకటదుర్గ సింగపూర్‌లో ఇంటిపనికి వెళ్ళి, అక్కడ ఓ ముసలాయన్ని మంచం మీంచి లేపబోయి నడుం దెబ్బ తీసుకుంది. ఆ ఇంటివాళ్ళు వద్దనేశారు. ఆదివారానికి టికెట్టు చూపిస్తే ఇంటికి పంపుతామనీ, లేదంటే సోమవారం ఇంకో ఇంట్లో పనికి దింపుతామనీ అక్కడి ఏజెంటు తేల్చి చెప్పాడు. ఇవాళ శుక్రవారం. గణేష్‌బాబు చెప్పిన టికెట్టు ధర లోవలక్ష్మి దగ్గరున్న దానికి అందేది కాదు. అయినా ఇంటికి పోలేదు. మైళ్ళతో డబ్బు కట్టకుండా టికెట్టు తీయొచ్చన్న సంగతి మొన్న ఈ ఆఫీసులోనే ఆమె చెవిన పడింది. అప్పట్నుంచీ ఆ బెంచీ వదలడం లేదు.

“నువ్వూ నిరుటిదాకా కువైట్‌లో చేశావు కదమ్మా, ఏమీ మిగల్లేదా?” అని మొన్ననే అడిగాడు గణేష్‌బాబు.

“మిగిలింది ఇంటి శ్లాబుకి సరిపోయిందండి. మా షేకుగారి పిల్లాడికి పుట్టుకతోనే నడక లేదు. ఎంత పెద్ద డాక్టర్లకి చూపించారో! ఎనిమిదేళ్ళు వాడు నా చంక దిగలేదు. నేను ఎత్తుకోకపోతే గడప దాటేవాడు కాదండి,” అంటూ కళ్ళొత్తుకుంది. డబ్బు మాట అడిగితే పిల్లాడి కబుర్లు చెబుతుందేంటి అనుకున్నాడు గణేష్‌బాబు.

“సరే, ఇది చెప్పు,” అన్నాడు బంగార్రాజు. “ఇన్నాళ్ళూ జర్మనీ విమానాల్లో తిరిగాను. ఈసారి ఎగ్జిబిషన్ సింగపూర్‌లో. సింగపూర్ విమానం ఎక్కితే నా పాత మైళ్ళు గంగలో కలిసినట్టేనా?”

“అబ్బే, ఆ రెండూ స్టార్ అలయన్స్‌లోవేనండి. కంపెనీలు ఎన్నున్నా వాళ్ళలో వాళ్ళు వియ్యంకుల్లాంటివాళ్ళు. ఒకరి విమానం ఎక్కి సంపాదించినవి ఇంకొకరి విమానంలో వాడుకోవచ్చు.”

“వేరేవాళ్ళ పేరు మీద కూడానా అండి?” అంది లోవలక్ష్మి. “అంటే, ఆడపిల్ల పేరు మీద... చెల్లెలి పేరు మీద?”

గణేష్‌బాబుకి విషయం అర్థమైంది. జాలేసింది. ఓరగా బంగార్రాజు వైపు చూశాడు. “మైళ్ళున్న మనిషి ఒప్పుకుంటే ఎవరి పేరు మీదైనా తీయొచ్చమ్మా. సింగపూర్ నుంచి చెన్నైకి పాతికవేల మైళ్ళు చాలు. రాజుగారికి ఇరవయ్యారు వేలున్నాయి.”

బంగార్రాజు వినిపించుకోలేదు. “గోల్డ్ కార్డు తొందరగా రావాలంటే ఏం చెయ్యాలి? మా బావమరిది ఎదురుగా ఎయిర్‌పోర్టు లౌంజిలో సోఫాలో కూర్చోవాలయ్యా నేను.”

“అమెరికా వెళ్ళాలండి. ఓసారి వెళ్ళొస్తే పదివేల పైన పడతాయి. కాకపోతే మూడేళ్ళలో వాడుకోకపోతే మైళ్ళు మురిగిపోతాయి.”

లోవలక్ష్మి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. “కార్డు పోయినా నంబరు చెబితే సరిపోతుందా అండి?”

బల్ల మీదున్న తన కార్డుని బంగార్రాజు చటుక్కున జేబులో వేసుకున్నాడు.

“పాస్‌పోర్టు చూపిస్తే సరిపోతుంది,” అన్నాడు గణేష్‌బాబు.

“ఇదిగో అమ్మాయ్, ఇందాకట్నుంచీ చూస్తున్నాను. నా మైళ్ళ మీద కన్నేశావు నువ్వు. గోల్డ్ కార్డు కోసం కూడబెట్టుకుంటున్నాను, నీకు ధారపోస్తానా?”

“ఇచ్చినా మీ గోల్డ్ లెక్క తగ్గదండి,” అని గొణిగాడు గణేష్‌బాబు.

“తగ్గకపోయినా ఇవ్వను. కష్టపడి తిరిగింది నేను.”

లోవలక్ష్మి లేచింది. ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఆమె ఏడవలేదు. బంగార్రాజు పక్కనున్న కుర్చీ లాక్కుని, మూడు రోజులుగా తనని ఎవరూ కూర్చోమనని ఆ కుర్చీలో కూర్చుని, పాస్‌పోర్టు బల్ల మీద పెట్టింది.

“బాబుగారూ, ఆ జర్మనీ కంపెనీ వాళ్ళ చెన్నై ఆఫీసుకి ఫోన్ కలపండి. ఆదివారం విమానానికి వెంకటదుర్గ పేరు మీద ఒక టికెట్టు. డబ్బుతో కాదు, మైళ్ళతో.”

“ఎవరి మైళ్ళతోనమ్మా?” అన్నాడు గణేష్‌బాబు విసుగ్గా.

“నావేనండి, షేకుగారి పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ విమానాల్లోనే పంతొమ్మిదిసార్లు అమెరికా వెళ్ళొచ్చాను.”