ఆ పేరుతో ఎవరూ లేరు

"జ్ఞానాంబ."

సుజన ఆ పేరు టైపు చేసి ఎంటర్ నొక్కింది.

కంప్యూటర్ కాసేపు తిరిగి తిరిగి, 'ఫలితాలు లేవు' అని చూపించింది.

"ఎవురూ ఎతకలేదా పాపా?" బల్లకు అవతల నిలబడ్డ ఆమె అడిగింది.

"ఆ పేరుతో ఎవరూ తప్పిపోయారని కంప్లైంట్ రాలేదు పెద్దమ్మా."

ఆమె తలూపింది. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని, కొండల మీదికి దిగుతున్న మబ్బుల్ని చూడసాగింది.

తిరుపతి బస్టాండుకు ఎదురుగా ఉన్న చిన్న గది అది. యాత్రలో తప్పిపోయినవాళ్ల కోసం ఒక సేవాసంఘం నడుపుతోంది. ఊళ్లో ఆ సంఘానికి అలాంటి గదులు ఇంకా ఉన్నాయి. అన్నిచోట్లా రాయించిన వివరాలు కలిసి ఇక్కడి కంప్యూటర్లో వేలకు వేలు పేరుకుపోయాయి. అందులో ఒక పేరు వెతకాలంటే పూట గడిచేది.

"ఊరికే దొరికే సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఉండాదంట పాలన్నా. మన పాత కంప్యూటర్లోనే పెట్టుకోవచ్చంట. నేను నేర్చుకుంటా" అంది సుజన, అంతకు కొన్నాళ్ల ముందు. చిత్తూరులో డిగ్రీ అయ్యి, అప్పుడే పనిలో చేరింది.

"నేర్సుకోమ్మా. ఉన్నది పాడుసేయబాక, అంతే" అన్నాడు గది చూసుకునే పాల్.

సుజన వీడియోలు చూసింది. నల్లటి తెర మీద అర్థం కాని కమాండ్లు కొట్టింది. సాఫ్ట్‌వేర్ లేచినట్టే లేచి పడిపోయేది. మెమరీ చాలడం లేదని తెలుసుకుని దాని వాటా తగ్గించింది. అది నిలబడింది. ఆ సంతోషంలో ఉండగానే, చినుకుల్లో తడుస్తూ ఆమె మొదటిసారి లోపలికి వచ్చి జ్ఞానాంబ పేరు అడిగింది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. ఒక్కోసారి ఉడకేసిన శనక్కాయలు తెచ్చి బల్ల మీద పోసేది. తన పేరు మాత్రం చెప్పేది కాదు.

"నా పేరుతో పనేముండాది పాపా? జ్ఞానాంబను ఎవురన్నా ఎతకతా ఉంటే, ఇంటికి పొమ్మని ఆమెకు చెప్పల్ల. అంతే."

"ఆమె ఎలా ఉంటుంది పెద్దమ్మా?"

ఆమె మబ్బుల్లోకి చూస్తూ చెప్పింది. "సంగటి గెలకతా పాటలు పాడతాది. వానొస్తే పనంతా ఇడిసిపెట్టి వాకిట్లో నిలబడుకుంటాది. ఎవురన్నా పిలిస్తే గానీ లోపలికి రాదు."

"పిలిస్తే వస్తుందా?"

"ఒగసారి పిలిస్తే సాలు."

ఒకరోజు మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చిన సుజనకు కునుకు పట్టింది. కలలో పేర్లన్నీ మబ్బుల్లా కొండ చుట్టూ తిరుగుతున్నాయి. వానలో ఒకామె అటు తిరిగి నిలబడి ఉంది. సుజన పిలుస్తోంది. ఆమె ఇటు తిరగడం లేదు.

మెలకువ వచ్చేసరికి బెంచీ మీద ఉన్న ఆమె లేచి, సంచి భుజాన వేసుకుంటోంది.

"ఇంగ రాను పాపా. కంచి బస్సు ఉండాది, పోతా."

"ఉండండి పెద్దమ్మా, ఇంకోసారి చూస్తా."

చూసింది. ఫలితాలు లేవు.

"పోనీలే. నువ్వు పాపం శానా కష్టపడినావు." ఆమె నవ్వింది. "అంత పెద్ద పేరుతో ఆమెను మా ఊళ్లో పిలిసినోళ్లే లేరులే."

ఆమె రోడ్డు దాటి బస్టాండులోకి వెళ్లిపోయింది.

సుజన ఆ మాట దగ్గరే ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ తను రాసిన అక్షరాల కోసమే వెతుకుతోంది. కంప్లైంట్ ఇచ్చినవాళ్లు పిలుపు పేరు చెప్పి ఉంటే?

"పాలన్నా, జ్ఞానాంబను మీ పక్క ఏమని పిలుస్తారు?"

"గ్యానమ్మ అంటారు. ఏం?"

ఒకే మనిషికి ఉండే పేర్లన్నీ ఒకటిగా చూడమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైలు ఒకటుంది. సుజన అందులో జ్ఞానాంబ, జ్ఞానమ్మ, గ్యానాంబ, గ్యానమ్మ అని రాసింది. వివరాలన్నీ మళ్లీ మొదటినుంచి చదివించింది. అది మెల్లగా చదువుకుంటూ పోయింది. బయట బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి.

మళ్లీ 'జ్ఞానాంబ' అని కొట్టింది.

ఒక ఫలితం వచ్చింది. గ్యానమ్మ, పలమనేరు దగ్గర పల్లె. రైల్వేస్టేషన్ దగ్గరి గదిలో కంప్లైంట్ ఇచ్చింది భర్త మునిరామయ్య.

"పాలన్నా! కంచి బస్సు ఆపు!"

పాల్ పరుగెత్తాడు. సుజన ఫోన్ చేసింది.

"దొరికిందా తల్లీ?" హలో అనకముందే అడిగాడు మునిరామయ్య.

"ఇంకా లేదు పెద్దాయనా. కానీ ఒకామె మీ ఇంటామె కోసం రోజూ వచ్చి అడిగింది. ఆమెకు తెలిసుంటుంది. చెల్లెలో, స్నేహితురాలో..."

"దానికి నేను తప్ప ఎవురుండారు తల్లీ?"

"ఎందుకు వెళ్లిపోయింది?"



"కోపంలో ఒగ మాట జారినాను. నువ్వు పోతే నిన్ను ఎతికేవోడు ఎవుడు అనేసినాను. ఆ పొద్దే ఎల్లిపోయినాది. అప్పట్నించి వారం వారం ఆడికొచ్చి అడగతానే ఉండాను."

పాల్ రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బస్సు వెళ్లిపోయిందన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

కంప్లైంట్‌తో పాటు మునిరామయ్య ఇచ్చిన ఫొటో అప్పటికి ఆ పాత కంప్యూటర్ తెర మీద పైనుంచి కిందికి మెల్లగా విచ్చుకుంది. అందులో, ఇన్నాళ్లూ కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని వెళ్లిన ఆమే నవ్వుతోంది.