రాళ్ళు పాతిన బజారు

తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నా రాత నెమ్మది, తప్పులూ ఎక్కువే. మన్నించి, దిద్దుకుని చదవండి.

“నిన్న క్యారియర్ మూత కూడా తియ్యకుండా తిప్పి పంపినావే సాహెబూ, ఒంట్లో బాగలేదా?”

బెల్లం తూస్తున్న బడే సాహెబ్ చెయ్యి ఆగిపోయింది. నిన్న తను అన్నం తినని సంగతి భార్య రహమత్బీకి తప్ప ఎవరికీ తెలియదు.

“నీకెవరు చెప్పినారమ్మా?”

“చెప్పేదేంది? తెలుస్తుంది గదా!” ముసలావిడ నవ్వి, బెల్లం పొట్లం కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె రావడం ఈ నెలలోనే మొదలయింది. మునిసిపాలిటీ వాళ్ళు బజారుకు రెండు చివరలా రాళ్ళు పాతి, బళ్ళు రాకుండా చేసినప్పటి నుంచి. ఇక నడిచేవాళ్ళూ సైకిళ్ళూ మాత్రమే రావాలట. కొన్నాళ్ళు చూసి, వ్యాపారం బాగుంటే రాళ్ళు అలాగే ఉంచుతారట.

అంతకుముందు దుకాణం ముందు లారీలూ ఆటోలూ గోడ కట్టినట్టు నిలబడేవి. చుట్టుపక్కల ఊళ్ళ బేరం, దొనకొండదైనా కురిచేడుదైనా, ఆ బళ్ళలోనే వస్తుందని బడే సాహెబ్ నమ్మకం. బళ్ళు రాకపోతే తండ్రి పెట్టిన కిరాణా దుకాణం తన చేతుల్లోనే మూతపడుతుందని భయం.

చిత్రంగా బేరం తగ్గలేదు, పెరిగింది. అదే ఆయనకు మింగుడు పడలేదు.

“ఇదంతా నాటకం,” అన్నాడు, అన్నం తెచ్చిన రహమత్బీతో. “సైకిళ్ళేసుకొచ్చే ఆడపిల్లలు, బిడ్డల్ని నడిపించుకొచ్చే తల్లులు... ఇంతమంది ఇన్నాళ్ళూ ఏడ దాక్కున్నారు? మునిసిపాలిటీ వాళ్ళే పంపుతున్నారు. అందరికీ పెద్ద ఆ ముసల్ది.”

“బేరం వచ్చినా ఏడుపేనా? నన్ను కాదు, నువ్వు అనుమానాన్ని నిఖా చేసుకోవాల్సింది.”

“మరి నేను తినలేదని ఆమెకెట్ల తెలిసింది? నువ్వు చెప్పినావా?”

“నేనా? ఆమె మొహమే నేనెరగను!” ఈసారి రహమత్బీకీ జంకు పుట్టింది.

పక్క మందుల షాపు శివనాగరాజు తొంగిచూశాడు. “మామా, సాయంత్రం మన వ్యాపారుల మీటింగు. రాళ్ళు పీకెయ్యాలని నువ్వే గట్టిగా మాట్లాడాల.”

“మాట్లాడతా. రుజువు పట్టుకుని మరీ వస్తా.”

రహమత్బీ గిన్నెలు సర్దుతుండగానే ముసలావిడ మళ్ళీ వచ్చింది, సబ్బు కావాలంటూ.

“నీది ఏ ఊరమ్మా?” అడిగాడు బడే సాహెబ్.

“ఈ ఊరే నాయనా.”

“మరి ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా నా దుకాణం మెట్టు ఎక్కలేదే?”

“ఎక్కాలనే ఉండె. కుదిరితే గదా!”

“ఇప్పుడెవరు రమ్మన్నారు?”

“ఆ రాళ్ళే రమ్మన్నాయి. వాటిని పీకించొద్దు సాహెబూ, నీకు పుణ్యముంటుంది.”

దొరికింది దొంగ, అనుకున్నాడు బడే సాహెబ్. ఆమె సబ్బు తీసుకుని దిగగానే రహమత్బీని గల్లా దగ్గర కూర్చోబెట్టి వెనకే బయల్దేరాడు. ఏ జీపు ఎక్కుతుందో, ఏ ఆఫీసరుకు కబురు చేరవేస్తుందో కళ్ళారా చూడాలి.

ముసలావిడ ఏ జీపూ ఎక్కలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. మోకాలు పట్టుకుంటూ, ఆగుతూ, అటూ ఇటూ చూడకుండా నింపాదిగా నడిచింది.

రోడ్డు దాటి, దుకాణానికి సరిగ్గా ఎదురుగా కిటికీ ఉన్న మేడ ఎక్కి, తాళం తీసింది.

— మస్తానమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉండేది గిద్దలూరులో