కాస్త పైకెత్తి తిప్పండి

క్రైస్తవ సంఘం పెద్దరికం చేపట్టిన రోజున సాలమోను చేతికి అందినవి మూడు: ఎనభై మూడు మంది సభ్యుల పేర్లున్న పుస్తకం, బియ్యం కొలిచే సోల, జానెడు ఇనప తాళంచెవి.

మందిరం గోడలు రెండుసార్లు మారాయి గానీ తలుపూ తాళమూ మారలేదు.

అంబాజీపేటలో అతనిది కురిడీ కొబ్బరి వ్యాపారం. ఎండిన కాయని చెవి దగ్గర ఆడించి, పగలగొట్టకుండానే లోపలి సరుకు ఎలాంటిదో చెప్పేస్తాడు. ఆ లెక్క తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

రంగూన్ మీద బాంబులు పడ్డ మరుసటి ఏడు, నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు. రొట్టె పళ్లెం చాపల వరసలమ్మట వస్తోంది. తలుపు పక్కన కూర్చున్న కొత్త ముసలావిడ రెండు చేతులూ చాపింది.

సాలమోను పళ్లేన్ని ఆమెని దాటించేశాడు.

ఆరాధన అయ్యాక దగ్గరికెళ్లాడు.

"మామ్మగారూ, మీదే సంఘమండి?"

"ఇదే బాబూ."

"ఇది మాదండి. మీరెక్కణ్ణుంచి వచ్చేరని."

"పుట్టిందిక్కడే. పెళ్లయ్యేక రంగూన్ పోయేం. మా ఆయన అక్కడే పోయేరు. బాంబులు పడ్డాక కొండలెంట నడిచొచ్చేను. నా పేరు పాపాయమ్మండి."

"అక్కడి సంఘం నుంచి చీటీ తేవాలండి. చీటీ లేకుండా ప్రభువు బల్లలో చెయ్యి పెట్టనివ్వం. ఇక్కడ పద్ధతంతే."

"ఆ గుడి కాలిపోయింది బాబూ. చీటీ రాసే అయ్యగారు దారిలోనే పోయేరు."

పాస్టరు కృపారావు గారు మెల్లిగా అన్నారు: "నమ్మొచ్చేమో సాలమోను గారూ."

"ముద్ర లేని బస్తా దింపుకుంటామాండి? పోయిన నెల ఒకడు రంగూన్ నుంచే వచ్చేనని పాటలు పాడి, మన లాంతరు పట్టుకుపోయేడు."

"పాటలు బాగానే పాడేడండి."

"లాంతరూ బాగానే వెలిగేదండి."

పాస్టరు గారు నవ్వేసి, "మన మొట్టమొదటి పేర్ల పుస్తకం మిషను దొరగారి బంగళాలో ఉంది. అందులో ఈవిడ పేరుందేమో చూడమని ఉత్తరం రాస్తాను" అన్నారు.

"ఆయ్, రాయండి. జవాబు వచ్చేదాకా ఆగుతారు."

"ఆగుతాను బాబూ" అంది పాపాయమ్మ. "పోయేలోగా ఒక్కసారి ఆ రొట్టె ముట్టుకుంటే చాలు."

ఆ సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేటప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం ఆ బియ్యం మూటలు తెస్తారు. పాస్టరు గారింట్లో పొయ్యి వెలిగేది వాటితోనే.

పాపాయమ్మ ఒకరింట్లో వడ్లు దంచి, వాళ్ల పశువుల సావిట్లో పడుకునేది. కూలి నూకలే. అందులోంచే గుప్పెడు కొంగున కట్టుకొచ్చింది.

"నూకలు కలిస్తే మంచి బియ్యం పాడౌతాయండి మామ్మగారూ."

"విడిగా కట్టండి బాబూ. అయ్యగారికి జొరమొస్తే జావకి పనికొస్తాయి."

సాలమోను విడిగానే కట్టాడు. ఇంటికొచ్చాక అతని భార్య యేసురత్నం ఊరుకోలేదు.

"ఆవిడ నూకలు తీసుకుంటారు, ఆవిడకి రొట్టెముక్క పెట్టరు. ఇదేం బేరమండీ?"

"పద్ధతే."

"ఆవిణ్ణి కూడా ఓసారి చెవి దగ్గర పెట్టి ఆడించి చూడకపోయేరా!"

ఒక ఆదివారం జోరున వాన. తాళం బిగుసుకుపోయింది. అందరూ చూరు కింద తడుస్తున్నారు. సాలమోను ఎంత తిప్పినా తాళంచెవి కదల్లేదు.

"కాస్త పైకెత్తి తిప్పండి బాబూ" అంది వెనకనుంచి పాపాయమ్మ.

పైకెత్తి తిప్పాడు. తలుపు తెరుచుకుంది.

"మీకెలా తెలుసండి?"

"పాత తలుపులంతే బాబూ."

తడిసిన తలుపుని ఆమె కొంగుతో తుడిచింది, పసిపిల్ల తల తుడిచినట్టు. చాపలు పరిచే హడావిడిలో సాలమోను అది పట్టించుకోలేదు.

రెండో నెలా పళ్లెం వచ్చింది, మూడో నెలా వచ్చింది; బంగళా నుంచి జవాబు మాత్రం రాలేదు. ఇప్పుడామె చేతులు చాపడం లేదు. పళ్లెం అందుకుని, రొట్టె ముట్టకుండా, పక్కనున్నవాళ్లకి జాగ్రత్తగా అందించేది. ఒకసారి సాలమోను కళ్లు ఆమె కళ్లని కలిశాయి. తొందరేం లేదన్నట్టు నవ్వింది.

"ఈ నెల పెట్టేద్దామండీ" అన్నారు పాస్టరు గారు నాలుగో నెలలో.

సాలమోను మొదటిసారి తటపటాయించాడు. "ఆదివారానికి ఉత్తరం రాకపోతే నేనే పెడతానండి. మాటిస్తున్నాను."

గురువారం తెల్లారేసరికి పాపాయమ్మ సావిట్లో లేవలేదు.

సాలమోను తన కొట్లోంచి టేకు చెక్కలు తెచ్చి, తనే దగ్గరుండి పెట్టె చేయించాడు. సమాధుల దొడ్లో మంచి చోటు చూపించాడు. చీటీ మాట అతనూ ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. ఆమె మూటలో ఒక చీరా, ఆదివారం కోసం ముడేసిన గుప్పెడు నూకలూ ఉన్నాయి. ఆ నూకల్ని అతను మంచి బియ్యంలోనే కలిపేశాడు.

ఆదివారం పొద్దున్న మందిరం మెట్ల మీద పాస్టరు గారు ఉత్తరం పట్టుకుని నిలబడ్డారు.

"నిన్న సాయంత్రం టపాలో వచ్చింది."

"ఉందాండి పేరు?"

"ఉందండి. ఒకటో నంబరు. ఈ ఊళ్లో మొదటి బాప్తిస్మం ఆవిడదే."

"అయితే చీటీ అడగడానికి నేనెవణ్ణండి?"

"కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. మీరే చదువుకోండి."

చదివాడు. మళ్లీ చదివాడు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, తాళంచెవి కాస్త పైకెత్తి తిప్పాడు.

ఆ పూట సాలమోను తన చేతికందిన ఆ మూడూ మళ్లీ చూసుకున్నాడు.

పుస్తకంలో మొదటి పేరుకి పైన, అంచులో, ఎనభై నాలుగో పేరు చేరింది.

సోలలో బియ్యం, నూకలు కలిసిపోయాయి.

ఇక తాళంచెవి: ముప్పై ఎనిమిదేళ్ల కిందట రంగూన్ ఓడ ఎక్కబోతూ, "ఇకనుంచి ఇది గుడి" అని తన ఇంటికి తాళమేసి, పాపాయమ్మ అప్పటి దొరగారి చేతిలో పెట్టిన తాళంచెవి అది.